నిర్వహణ శాస్త్రంలో పరిశోధన విద్య

వ్యాపార నిర్వహణ అనగానే విద్యార్థులకు స్ఫురించేది ఎం.బి.ఏ. పట్టా. ఒక సంస్థను నడపటానికి కావలసిన ఆర్థిక పరిజ్ఞానాన్ని, విపణి మెలకువలను, ఉద్యోగులతో వ్యవహరించే నేర్పును ఆ చదువు అందిస్తుంది. ఇదే శాస్త్రంలో మరొక విధమైన చదువు కూడా ఉంది. సంస్థలు నడిచే తీరును గురించి లోకం నమ్ముతున్న విషయాలు నిజమేనా అని పరీక్షించటం అది నేర్పుతుంది. అదే పరిశోధన ప్రధానమైన స్నాతకోత్తర విద్య.

జీతం పెంచితే పని పెరుగుతుందని యజమాని తన అనుభవం కొద్దీ చెబుతాడు. పరిశోధక విద్యార్థికి ఆ మాట చాలదు. ఎవరికి పెంచితే పెరిగింది? ఎంతకాలం నిలిచింది? పెంచని చోట పని పెరగలేదా? ఈ చివరి ప్రశ్నే అన్నింటికన్న ముఖ్యమైనది.

దీనికి మన నేలమీదనే ఒక చక్కని నిదర్శనం ఉంది. హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1960లలో కాకినాడ వ్యాపారులపై ఒక ప్రయోగం చేశాడు. సాధించాలనే తపన పుట్టుకతో వచ్చేదా, శిక్షణతో పెంపొందేదా అన్నది ఆయన ప్రశ్న. హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో ఆ వ్యాపారులచేత కథలు అల్లించారు, ఆటలు ఆడించారు, ఎవరి లక్ష్యాలను వారిచేతనే రాయించారు. తరువాత వారి వ్యాపారాల స్థితిగతులను తెలుసుకొని, శిక్షణ పొందని రాజమండ్రి వ్యాపారులతో పోల్చి చూశారు. శిక్షణ పొందినవారు కొత్త పెట్టుబడులు పెట్టటంలో, పనివారిని చేర్చుకోవటంలో ముందున్నారని తేలింది. డేవిడ్ వింటర్‌తో కలిసి ఆయన ఈ ఫలితాలను 1969లో గ్రంథంగా వెలువరించాడు.

రాజమండ్రి వ్యాపారులను లెక్కలోకి తీసుకోకపోతే ఈ పరిశోధనకు విలువ ఉండేది కాదు. కాకినాడలో వ్యాపారం పెరగటానికి ఆ యేటి మంచి పంటలే కారణం కావచ్చునని ఎవరైనా అనగలరు. అయినా ఇంకొక సందేహం మిగిలే ఉంటుంది. ఫలితం శిక్షణ వల్ల కలిగిందా, పెద్దలు తమను ప్రత్యేకంగా గుర్తించారన్న ఉత్సాహం వల్ల కలిగిందా? అమెరికాలోని హాథార్న్ కర్మాగారంలో 1924లో మొదలైన ప్రయోగాలు ఇటువంటి సందేహానికే ప్రసిద్ధి కెక్కాయి. ఆ ప్రయోగాల దత్తాంశాన్ని మళ్ళీ పరిశీలించిన వారు, వాటిపై ఆధారపడిన నిర్ణయాలు కూడ అంత గట్టివి కావన్నారు!

పరిశోధక విద్యార్థి చేసే పని ఇంతే. పూర్వుల రచనలు చదివి, పరికల్పన చేసి, దత్తాంశం సేకరించి, గణాంక పద్ధతులతో విశ్లేషించి, మార్గదర్శకుని పర్యవేక్షణలో సిద్ధాంత వ్యాసం రాస్తాడు. గణితమంటే భయపడేవారికి ఈ మార్గం కొంత కష్టమే.

మన దేశంలో చాలాకాలం ఈ శిక్షణకు ఎం.ఫిల్. పట్టా ఉండేది. దానిని నిలిపివేయాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం నిర్ణయించింది. 2022 నవంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం నియమావళి ఆ నిర్ణయాన్ని అమలు చేసింది. అప్పటికే పట్టా పొందినవారికి, చేరి చదువుతున్నవారికి నష్టం లేదు. అయినా కొన్ని విశ్వవిద్యాలయాలు దరఖాస్తులు కోరుతూనే ఉండటంతో, ఆ కోర్సులో చేరవద్దని సంఘం 2023 డిసెంబరులో విద్యార్థులను హెచ్చరించవలసి వచ్చింది. గుర్తింపు లేని పట్టాకు రుసుము చెల్లించిన విద్యార్థికి ధనంతోపాటు కాలం కూడ వ్యర్థమవుతుంది.

పై నియమావళి ప్రకారం, 75 శాతం మార్కులతో నాలుగేళ్ళ డిగ్రీ గాని, 55 శాతం మార్కులతో స్నాతకోత్తర పట్టా గాని ఉన్నవారు నేరుగా పిహెచ్.డి.కి అర్హులు. ఎం.బి.ఏ. చదువుతూ సిద్ధాంత వ్యాసాన్ని ఎంచుకున్నవారికి ఆ అనుభవం అక్కడ అక్కరకు వస్తుంది. విదేశాలలో మాత్రం ఈ మధ్యమెట్టు నిలిచే ఉంది. నెదర్లాండ్స్‌లో రెండేళ్ళ పరిశోధన స్నాతకోత్తర విద్య పిహెచ్.డి.కి తొలి సోపానం. మన దేశంలో జాతీయ అర్హత పరీక్షలో నిర్వహణ శాస్త్రం కూడ ఒక విషయం. అందులో పరిశోధక వేతనానికి ఎంపికై పిహెచ్.డి.లో చేరినవారికి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు చెల్లించాలని 2023లో నిర్ణయించారు.