దేవుడు చేసినట్టుందన్నారు, పేరు మాత్రం రాయలేదు

పనిచేసే చెయ్యి ఒకరిది, కాగితం మీద పేరు ఇంకొకరిది. దళితులకు ఈ సంగతి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. అయితే ఇదే సంగతి తెర మీదికెక్కితే దానికేమౌతుంది? అది చూడటానికి అమెరికా నల్లజాతి మనిషి వివియన్ థామస్ కథ పనికొస్తుంది. 2003లో అక్కడి పి.బి.ఎస్. టెలివిజన్‌లో ఆయన మీద 'పార్ట్‌నర్స్ ఆఫ్ ది హార్ట్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. మరుసటేడే హెచ్.బి.ఓ. వాళ్లు 'సమ్‌థింగ్ ది లార్డ్ మేడ్' అని టెలివిజన్ సినిమా తీశారు. దర్శకుడు జోసెఫ్ సార్జెంట్. థామస్‌గా మోస్ డెఫ్, సర్జన్ ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్‌గా అలన్ రిక్‌మన్ వేశారు. దానికి ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది.

ముందు మనిషి సంగతి. థామస్ 1910లో పుట్టాడు. తండ్రి వడ్రంగి, కొడుకూ ఆ పని నేర్చాడు. డాక్టర్ చదవాలని కూడబెట్టిన డబ్బు ఆర్థిక మాంద్యంలో బ్యాంకు మునిగి పోయింది. 1930లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో బ్లాలాక్ ల్యాబులో చేరాడు. వారానికి 12 డాలర్లు. చేసేది పరిశోధన, జీతాల పట్టీలో మాత్రం ఊడ్చి తుడిచే పనివాడు! 1941లో బ్లాలాక్ జాన్స్ హాప్కిన్స్‌కి మారుతూ ఆయన్నీ వెంటబెట్టుకెళ్లాడు. అప్పుడక్కడ నల్లవాళ్లంటే స్వీపర్లే. తెల్లకోటు వేసుకున్న నల్లమనిషి వరండాలో నడిస్తే తలలు తిప్పి చూసేవాళ్లు.

పుట్టుకతో గుండెలో లోపం ఉండి, నెత్తురు ఊపిరితిత్తులకు సరిగా చేరక ఒళ్లంతా నీలంగా మారే పసిపిల్లలుంటారు. ఆ రోజుల్లో వాళ్లకు మందు లేదు. గుండెను కదపకుండా, చేతికి వెళ్లే నెత్తుటి నాళాన్ని మళ్లించి ఊపిరితిత్తుల నాళానికి కుట్టేస్తే పిల్లలు బతుకుతారన్నది ఆలోచన. నెత్తురు ఊపిరితిత్తులకు ఎక్కువ పంపే దారి వెతకమని అడిగింది పిల్లల డాక్టరు హెలెన్ టాసిగ్. ఆడమనిషిగా, చెవుడున్న మనిషిగా ఆమె పడ్డ పాట్లు వేరే రాయాలి. ఆ జబ్బును కుక్కల్లో తెచ్చి, దానికి విరుగుడు ఆపరేషన్ చేసి చూపించింది థామస్. దాదాపు 200 కుక్కల మీద చేశాడు. 1944 నవంబర్ 29న మొదటిసారి ఒక పసిపిల్లకు ఆ ఆపరేషన్ చేసినప్పుడు కత్తి పట్టింది బ్లాలాక్. ఆయన భుజం వెనక స్టూలెక్కి నిలబడి, కుట్టు ఇటు కాదు అటు అని చెప్పింది థామస్.

1945 మేలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వ్యాసం వచ్చింది. బ్లాలాక్ పేరుంది, టాసిగ్ పేరుంది. థామస్ ప్రస్తావనే లేదు. ఆపరేషన్‌కూ ఆ ఇద్దరి పేర్లే పెట్టారు.

సినిమా పేరెక్కడిదో చూడండి. 1946లో థామస్ ఒక కుక్క గుండెలో చేసిన ఇంకో ఆపరేషన్ కుట్టును బ్లాలాక్ తడిమి చూసి, ఇది దేవుడు చేసినట్టుందే అన్నాడట. ఆ ఆపరేషన్ కూడా తర్వాత బ్లాలాక్-హాన్లన్ పేరుతోనే చెలామణి అయింది. అంటే సినిమా తలకెత్తుకున్నది యజమాని మెచ్చుకోలు. అందులోనూ మెచ్చింది చేతిని. ఆ చేతిని నడిపిన బుర్ర సంగతి లేదు. చెప్పులు ఎంత నున్నగా కుట్టావురా అనే మాట మనమెరగనిది కాదు. డాక్యుమెంటరీ పేరు ఇంకో తీరు: గుండె భాగస్వాములట. భాగస్వాములైతే జీతాల పట్టీ అలా ఎందుకుంది?

సినిమాని తీసిపారెయ్యడం నా ఉద్దేశం కాదు. కొన్ని చోట్ల అది డాక్యుమెంటరీ చెయ్యలేనిది చేస్తుంది. ఎందుకంటే డాక్యుమెంటరీ తీసేనాటికి ఇద్దరూ లేరు. బ్లాలాక్ 1964లో పోయాడు, థామస్ 1985లో. ఎరిగినవాళ్లు చెప్పగలరు గానీ ఆ గదిలో గాలిని చూపించలేరు. సినిమాలో ఒక సన్మాన సభలో తన పేరు రాకపోవడాన్ని థామస్ చాటున నిలబడి వింటాడు. ఆ ముఖంలో కోపం పైకి రాదు. ఒకరు 'వివియన్' అని పిలిస్తే, ఇంకొకరు 'డాక్టర్ బ్లాలాక్' అంటాడు చివరిదాకా. తెలుగులో డబ్బింగ్ చెబితే ఒకరికి 'నువ్వు', ఇంకొకరికి 'మీరు' తప్పవు. పై ఆదాయం కోసం థామస్ బ్లాలాక్ ఇంటి పార్టీల్లో మందు పోసేవాడు. పగలు తన దగ్గర పని నేర్చుకున్న కుర్ర సర్జన్లకే రాత్రి గ్లాసులందించడమన్నమాట.

చిక్కంతా సినిమా నడకలో ఉంది. కథ నడవాలంటే ఇద్దరు మనుషులు కావాలి, మధ్యలో అలక, రాజీ కావాలి. అందుకని ఒక సంస్థ చేసిన అన్యాయం ఇద్దరి మధ్య మనస్పర్థలా కుదించుకుపోతుంది. బ్లాలాక్ పొగరుబోతుగానో మంచివాడుగానో కనిపిస్తాడు. నల్లవాడికి ఏ తరగతి జీతమివ్వాలో రాసిన గుమాస్తా, ఆ నియమం పెట్టిన పాలకవర్గం వెనక్కి పోతారు.

థామస్ అన్న హెరాల్డ్ నాష్‌విల్‌లో టీచరు. రంగును బట్టి జీతం తగ్గిస్తున్నారని స్కూల్ బోర్డు మీద కేసు వేశాడు. థర్‌గుడ్ మార్షల్ లాంటి వకీలు అండతో గెలిచాడు కూడా. ఉద్యోగం మాత్రం పోయింది! తమ్ముడి మౌనానికి అర్థం ఇక్కడుంది, ఆయన స్వభావంలో కాదు. సినిమాలో హెరాల్డ్ పక్క పాత్రే. నాకైతే అసలు సినిమా ఆయన మీదే తీయాలనిపిస్తుంది.

1947లో థామస్ డిగ్రీ చదవాలని విచారించాడు. మొదటి ఏడాది నుంచి మొదలెట్టాలన్నారు. డాక్టరయ్యేసరికి యాభై ఏళ్లొస్తాయని మానుకున్నాడు. ఎంత నేర్పినా అనుభవం అర్హత కాలేదు. మన సర్కారు ఆసుపత్రుల మార్చురీల్లో శవాన్ని కోసేది ఎవరు, రిపోర్టు మీద సంతకం పెట్టేది ఎవరు? పనిని విభజించడం వేరు, పనివాళ్లను విభజించడం వేరని అంబేద్కర్ 1936లోనే తేల్చి చెప్పాడు.

సినిమా సన్మానాల దగ్గర ముగుస్తుంది. 1971లో హాప్కిన్స్ గోడ మీద థామస్ పటం పెట్టారు. ఆ ఆపరేషన్ తర్వాత చాలాకాలం బతికిన మొదటి కుక్క ఆనా పటం కూడా ఆ సంస్థలో పెట్టారన్నది గుర్తుంచుకోవాలి. 1976లో గౌరవ డాక్టరేట్ ఇచ్చారు. నిబంధనలు ఒప్పుకోవని వైద్యంలో ఇవ్వలేదు, న్యాయశాస్త్రంలో ఇచ్చారు. ఇప్పుడు కొందరు డాక్టర్లు ఆ ఆపరేషన్‌ను బ్లాలాక్-టాసిగ్-థామస్ షంట్ అని రాస్తున్నారు. పాత పేరే రాసేవాళ్లూ ఇంకా ఉన్నారు.