సలహా మాటలో ‘సి’ ఎక్కడ, ‘ఎస్’ ఎక్కడ?

ఉపకారవేతనాల కోసం విద్యార్థులు ఇంగ్లీషులో రాసే దరఖాస్తులు చదువుతుంటే ఒక పొరపాటు మాకు పదేపదే కనిపిస్తుంది. ‘దయచేసి సలహా ఇవ్వండి’ అనే చోట ‘ప్లీజ్ అడ్వైజ్’ అని ఎస్‌తో రాయవలసింది, సితో రాస్తారు. తేడా ఒక్క అక్షరమే. కానీ రేపు ఉద్యోగానికి పెట్టే దరఖాస్తులో ఆ అక్షరమే ముందు కంటికి తగులుతుంది.

సలహా అనే నామవాచకానికి చివర సి, ఇ. సలహా ఇవ్వడమనే క్రియకు ఎస్, ఇ. పలకడం కూడా వేరే: అడ్వైస్, అడ్వైజ్. అయితే ఈ ‘జ్’ ఎలాంటిదో తెలుగు లిపి చెప్పదు. తాజ్ అని రాసినా నమాజ్ అని రాసినా మనం వాడేది ఒకే అక్షరం. పలుకు మాత్రం ఒకటి కాదు. తాజ్‌లో ఉన్నది జీమ్, నమాజ్‌లో ఉన్నది జే. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మన పిల్లలకు ఈ తేడా కొత్తగా నేర్పనక్కరలేదు. నామవాచకమైతే సీన్, క్రియ అయితే జే అని చెబితే చాలు.

ఇల్లు హౌస్, వసతి కల్పించడం హౌజ్. వాడకం యూస్, వాడడం యూజ్. ఈ రెండు జతల్లో స్పెల్లింగు మారదు, ఉచ్చారణే మారుతుంది. రుజువు ప్రూఫ్, రుజువు చేయడం ప్రూవ్ అన్నచోట ఎఫ్ కాస్తా వి అయింది. ఇలాంటి చాలా జతల వెనుక ఉన్నది పాత ఇంగ్లీషు అలవాటే. అప్పట్లో క్రియల చివర అచ్చు ఉండేది. రెండు అచ్చుల మధ్య పడిన హల్లు మెత్తబడింది. తర్వాత చివరి అచ్చు పోయింది, మెత్తదనం మిగిలింది.

చెవి సాయపడని జతలూ ఉన్నాయి. ప్రాక్టీస్, లైసెన్స్ అనే మాటలు నామవాచకమైనా క్రియ అయినా ఒకేలా వినిపిస్తాయి. బ్రిటిష్ పద్ధతిలో నామవాచకానికి చివర సి, క్రియకు ఎస్. అమెరికావారు ప్రాక్టీస్‌ను ఎప్పుడూ సితో, లైసెన్స్‌ను ఎప్పుడూ ఎస్‌తో రాస్తారు. కంప్యూటర్ ఎర్రగీత చూసి మన పిల్లలు కంగారుపడేది ఇక్కడే. మన దేశంలో నడిచేది బ్రిటిష్ పద్ధతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో డ్రైవింగ్ లైసెన్స్‌కు చివర సి, లైసెన్సింగ్ అథారిటీలో దాని స్థానంలో ఎస్ ఉంటాయి.

మరొక మాట. అడ్వైస్‌కు బహువచనం లేదు. తెలుగులో ‘సలహాలు’ అంటాం కదా అని ‘అడ్వైసెస్’ అని రాయకూడదు.

సందేహం వస్తే ముందు ‘మై’ పెట్టి చూడండి, తర్వాత ‘ఐ’ పెట్టి చూడండి. ‘మై’ కుదిరితే సి, ‘ఐ’ కుదిరితే ఎస్.