నగర ప్రవేశ సుంకం – న్యాయాన్యాయాలు

రహదారి అందరిదీ. రాజు నడిచినా, రైతు నడిచినా దారి ఒక్కటే. ఈ భావన జనహృదయంలో అనాదిగా పాతుకొని ఉంది. అందుచేత సొంత వాహనంలో నగరం నడిబొడ్డుకు వెళ్లేవారు ప్రవేశానికి సుంకం చెల్లించాలని ప్రభుత్వం శాసిస్తే, అది వినగానే అన్యాయంగా తోచడం సహజం. అయినప్పటికీ ప్రపంచంలోని కొన్ని మహానగరాలు ఈ పద్ధతిని చేపట్టాయి. సింగపూర్ 1975లో, లండన్ 2003లో, స్టాక్‌హోమ్ 2006లో, న్యూయార్క్ 2025లో దీనిని అమలులోకి తెచ్చాయి. వాహనాల రద్దీని తగ్గించడానికి విధించే ఈ రుసుమును ‘రద్దీ సుంకం’ అనవచ్చు. ఇది న్యాయసమ్మతమా, కాదా అనే విషయం నేటికీ చర్చనీయాంశంగానే ఉంది.

సుంకం – దాని స్వరూపం

సుంకం అనే మాట తెలుగువారికి కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సుప్రసిద్ధం. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా హరించేవారనీ, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేదీ గ్రహించననీ ఆయన ఆ శాసనంలో వర్తకులకు అభయమిచ్చాడు. ఎంత చెల్లించాలో ముందే తెలిసి ఉండాలి. చెల్లించినందుకు ప్రతిఫలంగా రక్షణ లభించాలి. సుంకం న్యాయమైనదని చెప్పడానికి ఈ రెండు నియమాలూ నేటికీ గీటురాళ్లే.

అయితే పాత సుంకానికీ, రద్దీ సుంకానికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. పాత సుంకం ఖజానా నింపడానికి ఉద్దేశించినది. వర్తకులు ఎంత ఎక్కువగా వస్తే రాజుకు అంత లాభం. రద్దీ సుంకం లక్ష్యం ఇందుకు భిన్నమైనది. సుంకం ఉన్నదని తెలిసి కొందరు కారును ఇంటి వద్దే విడిచి బస్సో, రైలో ఎక్కినప్పుడే దాని ప్రయోజనం నెరవేరుతుంది.

ఈ ఆలోచనకు మూలం అర్థశాస్త్రంలో ఉంది. ఆంగ్ల ఆర్థికవేత్త పిగూ 1920లో ప్రచురించిన గ్రంథంలో ఇందుకు బీజం వేశాడు. ఆ తరువాత 1996లో నోబెల్ పురస్కారం పొందిన విలియం విక్రీ దీనిని విపులంగా ప్రతిపాదించాడు. వీరి తర్కం సులభగ్రాహ్యమే. అప్పటికే కిక్కిరిసిన వీధిలోకి మరొక కారు ప్రవేశించిందనుకొందాం. దానివల్ల వెనుక ఉన్న వెయ్యి వాహనాలు తలా రెండేసి సెకన్లు ఆలస్యమైతే, ఆ మొత్తం రెండు వేల సెకన్లు. అంటే అరగంటకు పైమాటే. కారు నడిపేవాడు తనకు జరిగే ఆలస్యాన్ని మాత్రమే లెక్కిస్తాడు. ఇతరులకు తాను కలిగించిన ఆలస్యం అతని లెక్కలోకి రాదు. ఆ లెక్కను అతనికి గుర్తుచేసేదే రద్దీ సుంకం.

అమలు జరిగిన తీరు

ఈ పద్ధతికి తొలి ప్రయోగశాల సింగపూర్. 1975 జూన్‌లో అక్కడి ప్రభుత్వం నగర మధ్యభాగాన్ని నియంత్రిత మండలంగా ప్రకటించింది. ఉదయం రద్దీ వేళలో అందులోకి వెళ్లే కారు రోజుకు 3 సింగపూర్ డాలర్లు చెల్లించి, అనుమతి పత్రాన్ని ముందు అద్దానికి అతికించుకోవలసి ఉండేది. నలుగురు ప్రయాణించే కారుకు మొదట్లో మినహాయింపు ఉండేది. 1998లో ఈ కాగితపు పద్ధతి స్థానంలో ఎలక్ట్రానిక్ విధానం వచ్చింది. స్థలాన్ని బట్టి, వేళను బట్టి రుసుము మారుతుంది.

లండన్‌లో నాటి మేయర్ కెన్ లివింగ్‌స్టన్ 2003 ఫిబ్రవరి 17న దీనిని ప్రారంభించాడు. మండలం సరిహద్దుల్లోనూ, లోపలి వీధుల్లోనూ అమర్చిన కెమెరాలు వాహనాల నంబరు పలకలను చదువుతాయి. రోజుకు 5 పౌండ్లతో మొదలైన రుసుము 2020లో 15 పౌండ్లకు, 2026 జనవరిలో 18 పౌండ్లకు పెరిగింది. తొలి ఏడాదిలో మండలంలోకి వచ్చే నాలుగు చక్రాల, అంతకు మించిన వాహనాలు సుమారు 18 శాతం, రద్దీవల్ల కలిగే ఆలస్యం సుమారు 30 శాతం తగ్గాయి. కాని కొన్నేళ్లకే ఆలస్యం మళ్లీ పూర్వస్థితికి చేరింది. నీటి గొట్టాలు, గ్యాస్ గొట్టాల మరమ్మతుల కోసం వీధులను తవ్వడం, కొంత రహదారి స్థలాన్ని బస్సులకూ, పాదచారులకూ కేటాయించడం ఇందుకు ప్రధాన కారణాలు. సుంకం ఒక్కటే సర్వరోగ నివారిణి కాదని లండన్ అనుభవం తెలుపుతుంది.

అన్యాయమనేవారి వాదన

రద్దీ సుంకాన్ని వ్యతిరేకించేవారి వాదంలో బలం లేకపోలేదు. కోటీశ్వరుడికీ, చిరుద్యోగికీ రుసుము ఒక్కటే. మొదటివాడికి 18 పౌండ్లు లెక్కలోనికి రావు. రెండవవాడికి అది కష్టార్జితం. వాహనాలు బారులు తీరినప్పుడు ధనికుడూ, పేదవాడూ పక్కపక్కనే నిరీక్షించారు. సుంకం వచ్చిన పిమ్మట ధనికుడు ఖాళీ వీధిని డబ్బిచ్చి కొనుక్కొంటున్నాడు. అందరికీ చెందిన దారి ఈ విధంగా కొందరికి విలాసవస్తువు అవుతుందని వారి ఆవేదన.

గత్యంతరం లేనివారి సంగతి మరింత ఆలోచించదగినది. నగర మధ్యభాగంలో ఇంటి అద్దెలు భరించలేక శివారులో నివసించే ఒక శ్రామికుడిని ఊహించుకొందాం. అతడు రాత్రంతా కార్యాలయాలను శుభ్రపరచి, తెల్లవారాక కారులో ఇల్లు చేరుతాడు. అతడు పనికి బయలుదేరే వేళకు అతని వీధికి బస్సు ఉండదు. పనిముట్ల పెట్టెతో ఇల్లిల్లూ తిరిగే కొళాయి మరమ్మతుదారు వాటిని భుజాన వేసుకొని రైలెక్కలేడు. అద్దె భారంతో దూరం జరిగినవారిపై ప్రవేశ భారం కూడా పడితే, అది గోరుచుట్టుపై రోకటిపోటే. లండన్‌లో మండలం లోపల నివసించేవారికి తొలినుంచీ 90 శాతం తగ్గింపు ఇచ్చారు. వెలుపలినుంచి వచ్చే శ్రామికుడు పూర్తి రుసుము చెల్లించాలి. ఈ వ్యత్యాసాన్ని విమర్శకులు ఎత్తిచూపుతారు.

న్యాయమనేవారి వాదన

సమర్థకులు ముందుగా ఒక ప్రశ్న వేస్తారు. సుంకం లేనంతమాత్రాన రహదారి ఉచితమా? కాదు. అక్కడ చెల్లించే మూల్యం డబ్బు కాదు, కాలం. గంటకింత అని కూలి పొందేవాడికి కాలమే జీవనాధారం. పైగా ఆ మూల్యాన్ని చెల్లించేది కారు ఉన్నవాడు మాత్రమే కాదు. యాభైమందితో వెళ్లే బస్సు, ఒక్కడే కూర్చున్న కార్ల వెనుక నిలిచిపోతుంది. రద్దీకి వారి వంతు అతి స్వల్పం. అనుభవించే ఆలస్యం మాత్రం సమానం. నగర స్థలం వాహనాలకు కాక మనుషులకు న్యాయంగా దక్కాలని మన దేశంలో 2006లో వెలువడిన జాతీయ పట్టణ రవాణా విధానం కూడా పేర్కొన్నది.

కారు వాడేవారు ఎవరు అనేది రెండవ అంశం. సుంకం రాకముందే మధ్య లండన్‌కు ఉదయం వేళ చేరుకొనేవారిలో పదిమందికి ఎనిమిది మందికి పైగా రైళ్లలో, బస్సుల్లో వచ్చేవారు. కారు కొనలేని నిరుపేదలు ఈ సుంకం పరిధిలోకే రారు. వసూలైన ధనం బస్సులకు ఖర్చయితే మేలు పొందేది వారే. ఖర్చులు పోను మిగిలిన రాబడిని రవాణాకే వినియోగించాలన్న చట్టబద్ధమైన నియమంతో లండన్ ఈ పద్ధతిని ఆరంభించింది. న్యూయార్క్ ఈ రాబడి ఆధారంగా 1,500 కోట్ల డాలర్లు సమకూర్చి, భూగర్భ రైళ్లు మొదలైన ప్రజారవాణాను మెరుగుపరచాలని సంకల్పించింది.

పేద వాహనదారుల విషయంలో కూడా మార్గం లేకపోలేదు. న్యూయార్క్‌లో 2025 జనవరి 5న పగటివేళ కార్లకు 9 డాలర్ల రుసుముతో ఈ విధానం మొదలైంది. కుటుంబ వార్షికాదాయం 50 వేల డాలర్లు మించనివారు పేరు నమోదు చేసుకొంటే, నెలలో మొదటి పది ప్రయాణాల తరువాత సగం రుసుమే చెల్లించవచ్చు. ఈ సాయం చాలదనేవారు ఉన్నారు. అయినా ఆదాయాన్ని బట్టి భారాన్ని తగ్గించడం సాధ్యమేనని ఇది నిరూపిస్తున్నది.

మినహాయింపులలో మరొక చిక్కు ఉంది. లండన్‌లో అద్దె కార్లకు 2019 వరకు సుంకం లేదు. వాటి సంఖ్య పెరిగి రద్దీకి అవీ కారణమైన తరువాత ఆ మినహాయింపును తొలగించారు. అమెరికాతో సహా పలు దేశాల రాయబార కార్యాలయాలు ఇది పన్ను అనీ, దౌత్యవేత్తలకు పన్ను వర్తించదనీ చెప్పి చెల్లించడానికి నిరాకరించాయి. ఇది పన్ను కాదు, సేవకు రుసుము అని బ్రిటన్ వాదించింది. ఒక్క మాట అర్థం మీద కోట్ల పౌండ్ల బకాయి ఆధారపడి ఉన్నది. మినహాయింపు అవసరం ఉన్నవారికి దక్కితే న్యాయం. పలుకుబడి ఉన్నవారికి దక్కితే పక్షపాతం.

ప్రజల సమ్మతి

న్యాయమనేది పాలకులు మాత్రమే నిర్ణయించేది కాదు. ఈ విషయంలో స్టాక్‌హోమ్ అనుసరించిన మార్గం పరిశీలించదగినది. 2006 జనవరి నుంచి జులై వరకు అక్కడ సుంకాన్ని ప్రయోగాత్మకంగా అమలు చేశారు. ఆరంభంలో ప్రజలలో అత్యధికులు దీనికి వ్యతిరేకులు. మండలం సరిహద్దు దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గడాన్ని వారు కళ్లారా చూశారు. సెప్టెంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నగరవాసులు స్వల్ప ఆధిక్యంతో దీనిని ఆమోదించారు. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది. ఇందుకు భిన్నంగా అనుభవానికి ముందే అభిప్రాయం కోరిన ఎడిన్‌బరోలో 2005లోనూ, మాంచెస్టర్‌లో 2008లోనూ ప్రజలు దీనిని భారీ ఆధిక్యంతో తిరస్కరించారు.

స్టాక్‌హోమ్ కథకు మరొక పార్శ్వం ఉంది. చుట్టుపక్కల పురపాలికలలో సొంతంగా ఓటింగు జరిపినవాటిలో ఎక్కువచోట్ల ప్రజలు వద్దన్నారు. సుంకం చెల్లించేవారు వెలుపల, నిర్ణయించేవారు లోపల ఉంటే ఆ నిర్ణయం ఎంతవరకు న్యాయం? న్యూయార్క్‌లోనూ ఇదే సమస్య తలెత్తింది. నదికి ఆవలనున్న న్యూజెర్సీలో ఎడిసన్ వంటి పట్టణాలలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడినుంచి మన్‌హటన్‌కు ఉద్యోగాలకు వెళ్లేవారిలో ఎక్కువమంది రైళ్లలో, బస్సుల్లోనే వెళ్తారు. అయినా కారులో వెళ్లేవారి సొమ్ము పొరుగు రాష్ట్రపు రైళ్లకు పోతుందని న్యూజెర్సీ ప్రభుత్వం 2023లో న్యాయస్థానాన్ని ఆశ్రయించింది.

ఉపసంహారం

ఉభయ వాదాలనూ పరిశీలిస్తే, రద్దీ సుంకం స్వతహాగా న్యాయమూ కాదు, అన్యాయమూ కాదు అని తేలుతుంది. కారుకు ప్రత్యామ్నాయంగా నమ్మదగిన బస్సు, రైలు ముందుగా ఏర్పడ్డాయా? అల్పాదాయులకూ, దివ్యాంగులకూ తగిన వెసులుబాటు ఉన్నదా? వసూలైన ధనం ఎటు పోతున్నదో ప్రజలకు తెలుస్తున్నదా? చెల్లించేవారి మాట కూడా పాలకులు వింటున్నారా? ఈ నాలుగింటికీ అవునని చెప్పగలిగిన నగరంలోనే సుంకం న్యాయమవుతుంది. బస్సు రాని వీధిలో నివసించేవాడికి ఈ సుంకం శిక్ష. బస్సు సకాలంలో వచ్చే వీధిలో నివసించేవాడికి అది ఒక ఎంపిక.

రహదారి అందరిదీ అన్న మాట సత్యమే. ఆ ‘అందరి’లో కారు నడిపేవాడితోపాటు బస్సు మెట్టుమీద నిలబడినవాడూ, నడిచివెళ్లేవాడూ, తెల్లవారుజామున పనినుంచి తిరిగివచ్చే శ్రామికుడూ ఉన్నారు. వీరందరినీ దృష్టిలో ఉంచుకొని వేసిన సుంకమే ధర్మబద్ధం.

ప్రశ్నలు

1. మోటుపల్లి శాసనంలోని సుంకానికీ, రద్దీ సుంకానికీ గల భేదమేమిటి?
2. రద్దీ సుంకం అన్యాయమనేవారి వాదనను వివరించండి.
3. స్టాక్‌హోమ్, మాంచెస్టర్ ప్రజల తీర్పులు భిన్నంగా ఉండడానికి కారణం ఏమై ఉంటుందో చర్చించండి.