తళుకు చూసి టి.వి. కొనవద్దు: అసలు సరుకు ప్యానెలే

కొండాపూర్: సాయంత్రం ఆరు దాటితే కొత్తగూడ చౌరస్తా పరిసరాల్లోని ఎలక్ట్రానిక్ దుకాణాల్లో గోడల నిండా తెరలు వెలుగుతుంటాయి. అన్నింటిలోనూ పూలు, చిలుకలు, సముద్రపు అలలే. ఏ టి.వి. ముందు నిలుచున్నా ఇదే బాగుందనిపిస్తుంది. అమ్మకందారు అంగుళాలు చెబుతాడు, నెల వాయిదా ఎంతో చెబుతాడు. పావుగంటలో బేరం ముగుస్తుంది. ఇంటికి తెచ్చి గోడకు బిగించాక, రాత్రిపూట సినిమాలో చీకటి దృశ్యం వచ్చినప్పుడు దాని అసలు రంగు బయటపడుతుంది. నల్లగా ఉండాల్సిన చోట బూడిదరంగు పొర కనిపిస్తుంది. పక్కన కూర్చున్నవారికి మొహాలు వెలిసిపోయినట్లుంటాయి. అప్పటికి వాయిదాలు మొదలై ఉంటాయి.

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత పక్కనే ఉన్న కొండాపూర్ రూపం మారిపోయింది. ఇప్పుడిది అపార్ట్‌మెంట్ల ఊరు. కంప్యూటర్ ఉద్యోగులు, వారి కార్లు నడిపే డ్రైవర్లు, భవనాలను కాపలా కాసే వాచ్‌మన్లు ఇక్కడే నివాసముంటున్నారు. ఒకరు 65 అంగుళాల టి.వి. చూస్తే, మరొకరు 32 అంగుళాల టి.వి. కోసం నెలనెలా జీతంలోంచి కొంత తీస్తారు. ఇద్దరికీ అవసరమైన సమాచారం మాత్రం ఒక్కటే. అదే సాధారణంగా డబ్బాపై ఉండదు.

ఒకప్పుడు పిక్చర్ ట్యూబు

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రాన్ని 1977 అక్టోబరు 23న అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించారు. అంతకుముందే, 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు కార్యక్రమాలు అందించిన ‘సైట్’ ప్రయోగం ఆంధ్రప్రదేశ్ గ్రామాలకూ టి.వి.ని పరిచయం చేసింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి రంగుల ప్రసారాలు వచ్చాయి. ఆ రోజుల్లో హైదరాబాదులోనే ఇ.సి.ఐ.ఎల్. తయారు చేసిన ఇ.సి. టి.వి. ఎన్నో ఇళ్లలో ఉండేది. కొనేవారు ముందుగా అడిగే ప్రశ్న పిక్చర్ ట్యూబు గురించే. ట్యూబు పోతే టి.వి. పోయినట్లేనని అందరికీ తెలుసు.

నేటి టి.వి.లో ఆ స్థానం ప్యానెల్‌ది. సెట్టు ఖరీదులో పెద్ద భాగం దానిదే. అయినా దాని గురించి అడిగేవారు తక్కువ. హైదరాబాదు శివార్లలోనూ, తిరుపతిలోనూ టి.వి.లు తయారవుతున్నా, వాటిలో వాడే తెర గాజు చాలావరకు చైనా వంటి దేశాల నుంచి దిగుమతి అవుతోంది. ఒకే కంపెనీ ఒకే శ్రేణిలో అమ్మే 43 అంగుళాల సెట్టుకు ఒక రకం ప్యానెల్, 55 అంగుళాల దానికి మరో రకం వాడటం కద్దు. అందువల్ల పెద్ద సెట్టు గురించి విన్న మంచిమాట చిన్న సెట్టుకు వర్తించకపోవచ్చు. మోడల్ నంబరు చివరి అక్షరం వరకు సరిచూసుకోవాలి.

మూడు రకాలు

ఎల్.ఇ.డి. టి.వి. అని పిలిచే వాటిలో దాదాపు అన్నీ నిజానికి ఎల్.సి.డి. తెరలే. వెనుక ఉండే దీపాలు మాత్రమే ఎల్.ఇ.డి.లు. క్యూ.ఎల్.ఇ.డి. కూడా అదే జాతి. రంగులు నిండుగా కనిపించడానికి మధ్యలో ఒక పొర అదనంగా ఉంటుంది. ఈ ఎల్.సి.డి. తెరల్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. వి.ఎ. రకంలో వెలుగు నీడల తేడా ఎక్కువ కాబట్టి నలుపు చిక్కగా వస్తుంది. అయితే పక్క నుంచి చూస్తే రంగు వెలుస్తుంది. ఐ.పి.ఎస్. రకం ఏ పక్క నుంచి చూసినా ఒకేలా ఉంటుంది. కాని చీకటి గదిలో నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది.

ఏది మంచిదన్నది ఇంటిని బట్టి ఉంటుంది. హాలూ, భోజనాల బల్లా కలిసి ఉండే ఫ్లాట్లలో అన్నం తింటూ పక్క నుంచి టి.వి. చూసేవారు ఎక్కువ. వారికి ఐ.పి.ఎస్. మేలు. సోఫాలో ఎదురుగా కూర్చుని, రాత్రిపూట దీపాలార్పి సినిమాలు చూసేవారికి వి.ఎ. నప్పుతుంది.

మూడోది ఒ.ఎల్.ఇ.డి. ఇందులో వెనుక దీపాలుండవు. ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, అవసరం లేనప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. నలుపు విషయంలో దీనికి సాటి లేదు. ధర ఎక్కువ. పొద్దస్తమానం వార్తా చానల్ పెట్టి ఉంచే ఇళ్లలో, కదలని చానల్ గుర్తు, అడుగున వార్తల పట్టీ ఏళ్ల తరబడి ఒకేచోట వెలిగితే వాటి మచ్చ తెరపై మిగిలే ప్రమాదముంది.

చుక్కల లెక్క

హెచ్.డి. రెడీ తెరలో సుమారు పదిన్నర లక్షల చుక్కలుంటాయి. ఫుల్ హెచ్.డి.లో 20,73,600, 4కె తెరలో 82,94,400 ఉంటాయి. చుక్కలు పెరిగినంత మాత్రాన బొమ్మ నాణ్యత పెరగదు. దూరం కూడా లెక్కలోకి వస్తుంది. తెర అంగుళాలను ఒకటిన్నరతో హెచ్చిస్తే వచ్చే దూరానికి లోపల కూర్చుంటేనే 4కె తేడా కంటికి తెలుస్తుంది. 43 అంగుళాలకు ఇది సుమారు అయిదున్నర అడుగులు, 55 అంగుళాలకు ఏడడుగులు. పదడుగుల దూరంలో సోఫా వేసుకున్నవారికి 43 అంగుళాల తెరపై ఫుల్ హెచ్.డి.కీ, 4కె.కీ భేదం దాదాపు కనిపించదు. ఆ డబ్బును మెరుగైన ప్యానెల్‌పై పెట్టడం లాభం.

వచ్చే ప్రసారాన్నీ గమనించాలి. మామూలు కేబుల్ చానల్ బొమ్మలో నాలుగు లక్షల పైచిలుకు చుక్కలే ఉంటాయి. దాన్ని పెద్ద 4కె తెరకు సాగదీస్తే అలుక్కుపోయినట్లు కనిపించడం సహజం. అది టి.వి. లోపం కాదు.

దుకాణంలో ఏం చూడాలి

దుకాణంలో టి.వి.లు సాధారణంగా ప్రదర్శన కోసం ఉద్దేశించిన అమరికలో ఉంటాయి. వెలుగు, రంగు హెచ్చు స్థాయిలో పెట్టి ఉంటాయి. రిమోట్ అడిగి తీసుకుని ఇంట్లో వాడే అమరికకు, లేదా సినిమా అమరికకు మార్చాలి. ఒక పెన్‌డ్రైవ్‌లో చీకటి దృశ్యం ఒకటి, క్రికెట్ ఆట ఒకటి, తెర నిండా ఒకే బూడిదరంగు ఉన్న బొమ్మ ఒకటి తీసుకువెళితే పని సులువవుతుంది. చీకటి దృశ్యంలో నలుపు ఎంత నల్లగా ఉందో, అంచుల నుంచి వెలుతురు కారుతోందో తెలుస్తుంది. ఆటలో బంతి వెనుక తోక కనిపిస్తే కదలికలో లోపముందన్నమాట. బూడిదరంగు బొమ్మలో మరకలు, చారలు బయటపడతాయి. ఆ తర్వాత నాలుగడుగులు పక్కకు జరిగి మళ్లీ చూడాలి.

కదలిక గురించి డబ్బాపై రాసే పెద్ద అంకెలను యథాతథంగా నమ్మరాదు. ప్యానెల్ అసలు వేగం 60 హెర్ట్‌జా, 120 హెర్ట్‌జా అని సూటిగా అడగాలి. హెచ్.డి.ఆర్. అని రాసి ఉన్నా, తగినంత వెలుగు ఇవ్వలేని ప్యానెల్‌లో దాని ప్రయోజనం పేరుకే పరిమితం.

పన్ను, గ్యారంటీ

32 అంగుళాలు దాటిన టి.వి.లపై జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. పన్ను కలపక ముందు 40,000 రూపాయల ధర ఉన్న సెట్టుపై ఇది 4,000 రూపాయల తేడా. 32 అంగుళాలు, అంతకు లోపు వాటిపై పన్ను అంతకుముందే 18 శాతం. కనుక చిన్న సెట్టుకు ‘పన్ను తగ్గింది’ అన్న మాట వర్తించదు.

అద్దె ఇళ్లు తరచూ మారే ఈ ప్రాంతంలో మరో జాగ్రత్త అవసరం. ప్యానెల్ పగిలితే మార్పించే ఖర్చు చాలాసార్లు కొత్త సెట్టు ధరకు దగ్గరగా ఉంటుంది. దెబ్బ తగిలి పగిలినదానికి గ్యారంటీ సాధారణంగా వర్తించదు. అట్టపెట్టెను దాచుకుని, ఇల్లు మారేటప్పుడు సెట్టును పడుకోబెట్టకుండా నిలువుగానే తీసుకువెళ్లాలి. కొత్త సెట్టు ఇంటికి చేరిన రోజున, తెచ్చినవారి ఎదుటే పెట్టె విప్పించి, తెర వెలిగించి చూసుకోవాలి.

మోడల్ నంబరు ఉన్న రశీదు లేనిదే డబ్బు చెల్లించరాదు. లోపమున్న సెట్టును మార్చడానికి నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ పరిష్కారం కాకుంటే, 2020 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌నే ఆశ్రయించవచ్చు. 5 లక్షల రూపాయల లోపు సరుకు విషయంలో ఫిర్యాదుకు రుసుము లేదు.

ఏడెనిమిదేళ్లు ఇంట్లో ఉండాల్సిన వస్తువు టి.వి. పండగ రాయితీ గడువు ముగుస్తోందని తొందరపడకుండా ఒక సాయంత్రం చూసి, ఇంటికి వచ్చి హాలు కొలుచుకుని, మర్నాడు వెళ్లి కొనడం వల్ల నష్టమేమీ ఉండదు.