దంపతుల గొడవ వెనుక మూడు తరాలు

కౌన్సెలింగ్‌కు వచ్చే భార్యాభర్తలు చాలామంది తప్పెవరిదో తేల్చమంటారు. కొందరు చికిత్సకులు తీర్పు చెప్పకుండా పెద్ద కాగితం పరిచి, ఇద్దరి కుటుంబాలనూ మూడు తరాల దాకా గీయిస్తారు. ఆ పటమే జీనోగ్రామ్.

దీనికి పునాది వేసినవారు అమెరికా మనోవైద్యుడు ముర్రే బోవెన్ (1913–1990). 1950లలో ఆయన అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో స్కిజోఫ్రీనియా రోగులను కుటుంబాలతో సహా ఆసుపత్రిలో ఉంచి పరిశీలించారు. ఇంట్లో ఒకరి ఆందోళన మిగతావారి ప్రవర్తనను ఎలా మారుస్తుందో గమనించి, కుటుంబాన్ని ఒకే వ్యవస్థగా చూడాలన్నారు. 1985లో మోనికా మెక్‌గోల్డ్రిక్, రాండీ గెర్సన్ రాసిన పుస్తకంతో ఈ పటం విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

పటంలో మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం. ఇద్దరినీ కలిపే అడ్డగీత పెళ్లి. దాని మీద రెండు చిన్న ఏటవాలు గీతలుంటే విడాకులు. వంకరటింకర గీత తగవుకు గుర్తు, చుక్కల గీత ఎడానికి గుర్తు. మన వంశవృక్షం ఎవరికి ఎవరు పుట్టారో చెబుతుంది. ఇది ఎవరితో ఎవరు ఎలా మెలిగారో కూడా చెబుతుంది.

ఒక జంటను ఊహించండి. మాట పెరగగానే భర్త మౌనంగా లేచి వెళ్లిపోతాడు. భార్య గొంతు ఇంకా పెంచుతుంది. పటం గీస్తే, అతని తండ్రీ పెదనాన్నా ఏళ్ల తరబడి మాటల్లేకుండా గడిపారని తేలింది. ఆమె పుట్టింట్లో గట్టిగా అడిగితే తప్ప ఎవరూ వినేవారు కాదు. అతని మౌనం ఆమెకు నిర్లక్ష్యంలా, ఆమె కేక అతనికి దాడిలా తోస్తున్నాయి. నిజానికి ఇద్దరూ చిన్నప్పుడు నేర్చిన దారినే నడుస్తున్నారు.

ఇద్దరి మధ్య ఒత్తిడి పెరిగితే మూడో మనిషిని లాగుతారని బోవెన్ గుర్తించారు. అత్తగారికో, పుట్టింటికో, బిడ్డకో మొర పెట్టుకుంటే కాసేపు ఊరట దొరుకుతుంది, అసలు సమస్య అలాగే ఉండిపోతుంది. ఏ తరంలో ఎవరు ఇలా నలిగారో పటంలో కనబడితే, బిడ్డను మధ్యలోకి లాగకుండా జాగ్రత్తపడవచ్చు.

అయితే జీనోగ్రామ్ రోగనిర్ధారణ పరీక్ష కాదు, పెద్దల మీద నేరారోపణ పత్రమూ కాదు. ఇంట్లో హింస ఉంటే ముందు చూడాల్సింది భద్రత. తాత కోపిష్ఠి కావడం మనవడి దెబ్బలకు సమర్థన కాదు. అలవాటు ఎక్కడిదో తెలుసుకోవడం సగం పనే. దాన్ని మార్చుకునే బాధ్యత ఇప్పుడు కాపురం చేస్తున్నవారిదే.