పొయ్యి పొగ ఊపిరితిత్తులతో ఆగదు, గుండెకు కూడా చేరుతుంది



గుండెజబ్బు ఎందుకు వస్తుందని అడిగితే మనలో చాలామంది వెంటనే చెప్పగలరు. బీపీ, షుగర్, బీడీ సిగరెట్లు, కొవ్వు, మనోవేదన. ఇవన్నీ నిజమే. అయితే ఈ వరుసలో చేర్చవలసినది మరొకటి ఉంది. అది మనం పీల్చే గాలి. పొగ వలన దగ్గు, ఆయాసం, కళ్ళమంట వస్తాయని అందరికీ తెలుసు. కానీ ఏళ్ళ తరబడి పీల్చిన పొగ గుండె రక్తనాళాలను కూడా పాడుచేసి, ప్రాణం మీదికి తెస్తుందని తెలిసినవారు తక్కువ.

"బీడీ ఎన్నడు ముట్టలె సిస్టరమ్మా, నాకెందుకొచ్చింది ఈ జబ్బు?" గుండె నొప్పితో వచ్చిన ఆడవారు మా నర్సులను తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఆమె బీడీ ముట్టకపోవచ్చు. కానీ కట్టెల పొయ్యి ముందు ఎన్ని గంటలు కూర్చున్నదో లెక్క వేయండి. రోజుకు మూడు గంటల చొప్పున ఇరవై ఏళ్ళు వంట చేస్తే దాదాపు 22 వేల గంటలు అవుతుంది. ఆ గంటలను మనం ఎవరం లెక్కలోకి తీసుకోము.

పొగలో ఏముంది?

కంటికి కనబడే పొగ, మసి కన్నా ఎక్కువ హాని చేసేవి కంటికి కనబడని సన్నని రేణువులు. వీటిని పీఎం 2.5 అంటారు. అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి. మన తల వెంట్రుక మందంలో ఇవి ముప్పయ్యో వంతు ఉంటాయి. కట్టెలు, పిడకలు, పొట్టు, బొగ్గు, కిరోసిన్, డీజిల్, చెత్త, వరి కొయ్యలు, బీడీ, ఇలా ఏది కాలినా ఇవి పుడతాయి. పెద్ద దుమ్మును ముక్కు, గొంతు ఆపుతాయి. తుమ్ముతోనో, గళ్ళతోనో అది బయటికి పోతుంది. ఈ సన్నని రేణువులు మాత్రం ఊపిరితిత్తుల చివర ఉన్న గాలి సంచుల దాకా వెళతాయి.

అక్కడి నుండి గుండెకు ఎలా చేరుతుంది?

గాలి సంచుల చుట్టూ సన్నని రక్తనాళాలు అల్లుకొని ఉంటాయి. రేణువులు అక్కడ చేరినప్పుడు వాపు పుడుతుంది. ఆ వాపుకు సంబంధించిన పదార్థాలు రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతాయి. మరీ సన్నని రేణువులు కొన్ని నేరుగా రక్తంలోకి కూడా దిగుతాయి. దీనివలన నాలుగు విధాల నష్టం జరుగుతుంది.

మొదటిది, రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, కొవ్వు పేరుకొని, గోడలు మందమవుతాయి. రెండవది, నాళాలు బిగుసుకొని బీపీ పెరుగుతుంది. మూడవది, రక్తం త్వరగా గడ్డకట్టే గుణం పెరుగుతుంది. నాల్గవది, గుండె కొట్టుకొనే తీరు మీద నరాల అదుపు తప్పుతుంది. ఇది ఒక్క రోజులో జరిగే పని కాదు. నీళ్ళ పైపులో పాచి పట్టినట్లు ఏళ్ళ మీద జరుగుతుంది. చివరికి ఒకనాడు కొవ్వు గడ్డ పగిలి, రక్తం గడ్డకట్టి, దారి మూసుకుపోతుంది. అది గుండెలో జరిగితే గుండెపోటు, మెదడులో జరిగితే పక్షవాతం.

మన పక్కనే జరిగిన పరిశీలన

ఇది ఎక్కడో పరదేశంలో చెప్పుకునే మాట కాదు. హైదరాబాదుకు ఆగ్నేయాన, పాత రంగారెడ్డి జిల్లాలోని పల్లెలలో 1987 నుండి 1990 వరకు గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం పెట్టి దాని ఫలితం చూశారు. ఆ పిల్లలు పెద్దవారైన తరువాత హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు వారినీ, వారి కుటుంబాలనూ మళ్ళీ పిలిచి పరీక్షిస్తూ వచ్చారు. తరువాత స్పెయిన్ దేశపు బార్సిలోనా పరిశోధకులతో కలిసి, అదే ప్రాంతంలోని 28 గ్రామాలలో గాలికీ గుండెకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించారు.

3,372 మందికి మెడలో మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాన్ని స్కానింగ్ చేసి, దాని గోడ మందం కొలిచారు. ఈ గోడ మందమైతే గుండెపోటు, పక్షవాతం వచ్చే అవకాశం ఎక్కువని డాక్టర్లకు తెలుసు. ఫలితం 2020లో ప్రచురించారు. ఆ గ్రామాలలో గాలిలోని సన్నని రేణువులు ఏడాది సగటున ఘనపు మీటరుకు సుమారు 33 మైక్రోగ్రాములు ఉన్నాయి. మన దేశం 2009లో పెట్టుకున్న హద్దు 40. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 5 మాత్రమే. అంటే మన లెక్క ప్రకారం 'బాగుంది' అనుకునే గాలిలోనే ఈ మార్పు కనబడింది. రేణువులు ఎక్కువున్న చోట నివసించేవారికి, ముఖ్యంగా మగవారికి, నాళం గోడ మందంగా ఉన్నది. ఆడవారిలో, పొగ బయటికి పోయే దారి లేని పొయ్యి మీద కట్టెలతో వండేవారికి మందం ఎక్కువగా ఉన్నది.

అంతకుముందు 2019లో ఆ గ్రామాల నుండే వచ్చిన మరో ఫలితంలో, రేణువులు ఎక్కువున్న చోట ఆడవారి బీపీ కూడా ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఇవి పల్లెటూళ్ళు. పెద్ద ఫ్యాక్టరీ పక్కన ఉంటేనే గాలి చెడుతుందని అనుకోవద్దు. మన పాత మెదక్ జిల్లాలోనే ఉండిన పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతాన్ని 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాలలో ఒకటిగా గుర్తించింది. ఆ సంగతి పత్రికలలో వచ్చింది. మన వంటింటి పొగ సంగతి ఏ పత్రికలోనూ రాదు.

మరణాల సంగతి ఏమిటి?

నాళం గోడను కొలవడం ఒక ఎత్తు. ఎవరు ఎన్నాళ్ళు బ్రతికారో చూడడం మరో ఎత్తు. దానికి చాలా ఏళ్ళ ఓపిక కావాలి. అమెరికాలో ఆరు పట్టణాలలో 8,111 మందిని 14 నుండి 16 ఏళ్ళు గమనించి 1993లో ఫలితం చెప్పారు. పొగతాగే అలవాటు వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, అన్నిటికన్నా గాలి చెడిన పట్టణంలో మరణాల రేటు అన్నిటికన్నా శుభ్రమైన పట్టణం కన్నా 26 శాతం ఎక్కువగా ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్, గుండె–ఊపిరితిత్తుల జబ్బుల మరణాలతో గాలికి సంబంధం ఉన్నట్లు తేలింది.

మనకు ఇంకా దగ్గరగా ఉండేది చైనా పల్లెల ఉదాహరణ. అక్కడ 2,71,217 మందిని సగటున ఏడేళ్ళు గమనించారు. 2018లో ప్రచురించిన ఆ ఫలితం ప్రకారం కట్టెలు, బొగ్గుతో వండేవారిలో గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు 20 శాతం ఎక్కువ. ఇందులో మంచి కబురు కూడా ఉంది. మధ్యలో కట్టెలు మాని గ్యాస్, కరెంటు వంటకు మారినవారిలో ఆ మరణాలు మానని వారి కన్నా తక్కువగా ఉన్నాయి. పొగ బయటికి పోయే పొయ్యి వాడినవారిలో కూడా మరణాలు తక్కువే. కనుక "ఇన్నేళ్ళు పీల్చాను, ఇప్పుడు మానితే ఏం లాభం" అని ఎవరూ అనవద్దు.

గ్యాస్ ఉన్నా పొయ్యి ఎందుకు మండుతున్నది?

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వలన మన ఇళ్ళకు గ్యాస్ చేరింది. 2024 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో అర్హులైన కుటుంబాలకు 500 రూపాయలకే సిలిండరు ఇచ్చే పథకం మొదలైంది. అయినా చాలా ఇళ్ళలో టీకి, కూరకు గ్యాస్, జొన్న రొట్టెలకు, స్నానం నీళ్ళకు, పశువుల దాణాకు కట్టెల పొయ్యి అన్నట్లు రెండూ నడుస్తున్నాయి. సిలిండరు ఖర్చు, రొట్టె రుచి, ఊరికే దొరికే కట్టెలు, వీటిని కాదనలేము. కానీ పొయ్యి సగం మండితే పొగ కూడా సగం మిగిలే ఉంటుంది. దాన్ని తగ్గించే మార్గాలు చూద్దాం.

ఇంటిలో చేయదగినవి

1. నీళ్ళు కాచే పొయ్యిని ఇంటి గోడకు, కిటికీకి దూరంగా ఆరుబయట పెట్టండి. వీలైతే ఎండలో నీళ్ళు వేడిచేసుకోండి.
2. వంటింట్లోనే కట్టెలు కాల్చవలసి వస్తే పొగగొట్టం పెట్టించండి. తలుపు, కిటికీ తెరిచి ఉంచండి. పచ్చి కట్టె, ప్లాస్టిక్ కవరు, టైరు ముక్క పొయ్యిలో పెట్టవద్దు.
3. పప్పు, శనగలు ముందే నానబెట్టండి. కుక్కర్ వాడండి. గ్యాస్ తక్కువ పడుతుంది, సిలిండరు మరికొన్ని రోజులు వస్తుంది.
4. గర్భిణులను, చంటిపిల్లలను, గుండెజబ్బు ఉన్న పెద్దలను పొయ్యి దగ్గర కూర్చోబెట్టవద్దు. చలికాలంలో నిప్పుల కుంపటి గదిలో పెట్టి తలుపులు మూసుకోవడం ప్రాణాపాయం.
5. దోమలకు పొగ పెట్టే బదులు దోమతెర కట్టండి. ఇంట్లో బీడీ, సిగరెట్ కాల్చనివ్వవద్దు. తాగేది ఒకరే అయినా పీల్చేది ఇంటిల్లిపాది.

ఇంటి మగవారికి ఒక మనవి. వంట ఆడవారి పని కావచ్చు, కానీ పొగగొట్టానికి, సిలిండరుకు డబ్బు ఇచ్చేది చాలా ఇళ్ళలో మీరే. ఇది ఆమె గుండెకు కొనే మందు అనుకోండి.

బయట చేయదగినవి

వాకింగ్‌కు వెళ్ళేవారు చలికాలంలో మరీ తెల్లవారుజామున వెళ్ళవద్దు. ఆ సమయంలో నేల దగ్గరి చల్లని గాలిలో పొగ పైకి పోకుండా నేల మీదే నిలిచి ఉంటుంది. ఎండ పొడిచాక, బస్సులు లారీలు తిరిగే రోడ్డు వదిలి నడవండి. యాసంగి కోతల తరువాత వరి కొయ్యలు కాల్చకుండా దున్ని నేలలో కలిపితే పొలానికీ మేలు, ఊరికీ మేలు. చెత్తను వీధిలో తగులబెట్టవద్దు. ముఖానికి కట్టుకునే తువ్వాలు, చీర కొంగు దుమ్మును ఆపుతాయి గాని సన్నని రేణువులను ఆపలేవు. తప్పనిసరిగా పొగలో పనిచేసేవారు ఎన్-95 మాస్కు ముఖానికి సరిగ్గా అతుక్కొనేట్లు పెట్టుకోవాలి.

డాక్టరుకు ఈ మాట చెప్పండి

ఓపీకి వచ్చినప్పుడు "కట్టెల పొయ్యి మీద ఇన్నేళ్ళు వండాను" అని, "బట్టీలో పనిచేశాను" అని మీరే చెప్పండి. 30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ, ముఖ్యంగా పొయ్యి ముందు కూర్చునే ఆడవారు, ఏడాదికి ఒకసారైనా బీపీ, షుగర్ చూపించుకోవాలి. బీపీ గోళీలు బాగున్నామని మానవద్దు. పొగ తగ్గించడం గోళీకి బదులు కాదు, గోళీకి తోడు.

ఛాతీలో బరువు, ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకే నొప్పి, చల్లని చెమట, అకస్మాత్తుగా ఆయాసం, ఇవి గుండెపోటు గుర్తులు. ఆడవారిలో, షుగర్ ఉన్నవారిలో నొప్పి లేకుండా వాంతి, విపరీతమైన నీరసం, ఆయాసం మాత్రమే రావచ్చు. గ్యాస్ అనుకొని గోళీ మింగి పడుకోవద్దు. పొయ్యి మీద కూర పొంగుతున్నా సరే, పని వదిలి 108కి ఫోన్ చేయించండి. రోగిని నడిపించవద్దు. మొదటి గంట చాలా విలువైనది.

మీ ఇంట్లో అందరి కన్నా ముందు లేచి పొయ్యి ముట్టించేది ఎవరు? ఈ నెలలో ఆమెను ఒకసారి బీపీ చూపించడానికి తీసుకురండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్