కరువును కరువన్న బ్రౌను దొర



తెలుగు నిఘంటువు అనగానే మనకు బ్రౌను దొర జ్ఞాపకం వస్తారు. ఆయన ప్రభుత్వాధికారి అనీ, ఆ ఉద్యోగంలో ఒక్క మాట కోసం నిలబడ్డారనీ ఎరిగినవారు కొద్దిమందే. కావున ఈ నెల ఆయనను గూర్చి వ్రాస్తున్నాము.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ అక్కడ పాదిరి, బహుభాషా పండితుడు. 1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండు చేరింది. 1817లో కంపెనీ కొలువుకు మద్రాసు వచ్చిన యువకుడు వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. 1820లో కడప కలెక్టరుకు సహాయకుడయ్యాడు.

పగలు కచేరీ పని, మిగిలిన వేళల్లో తాటాకు గ్రంథాలు. చెదలు తింటున్న ప్రతులను ఊరూరా సేకరించి, పండితులచేత సరిచూపించి, శుద్ధ ప్రతులు వ్రాయించారు. వారికి జీతాలు తన సొమ్ములోనుండే ఇచ్చారు. అది చాలక అప్పులు చేశారు. 1829లో వేమన పద్యాలను ముద్రించారు. కడపలోను మచిలీపట్నంలోను బీద పిల్లల కొరకు ఉచిత బడులు పెట్టారు.

1832-33లో గుంటూరు సీమను కరువు కాల్చివేసింది. పెద్దలు నందన కరువని, డొక్కల కరువని చెప్పుకొనేది దానినే. లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. దొరతనము వారికి మాత్రం అది కేవలం 'కొరత'. అప్పుడు అక్కడ పనిచేస్తున్న బ్రౌను, పైవారి ఆజ్ఞకు విరుద్ధంగా, సర్కారు కాగితాలలో 'కరువు' అనే వ్రాశారు. మాటలో ఏముందని అనవచ్చు. కొరత అంటే సర్దుకోమని అర్థం. కరువు అంటే గంజి పోయవలసిన బాధ్యత ఉన్నదని అర్థం. ఆకలితో పడిపోయినవానికి ఆ భేదం ప్రాణమంత.

1834లో ఆయన ఉద్యోగం పోయింది. ఇంగ్లండు వెళ్ళి, 1837లో మద్రాసుకు తిరిగి వచ్చి, మరల తెలుగు పని పట్టారు. 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. పామరుల నోటి మాటలకు కూడా ఆ నిఘంటువులో చోటిచ్చారు. 1884 డిసెంబరు 12న లండనులో కన్నుమూశారు. కడపలో ఆయన నివసించిన స్థలంలో నేడు ఆయన పేరిట గ్రంథాలయం ఉన్నది.

మా హబ్సిగూడలో ఇంగ్లీషు బాగా చదివే పిల్లలు అనేకులున్నారు; నాయనమ్మ వ్రాసిన ఉత్తరం చదవలేనివారూ ఉన్నారు. తల్లిదండ్రులారా, రోజుకొక పుట తెలుగు చదివించండి. దానితోపాటు, ఎండిన పొలాన్ని ఎండిందని, చేసిన అప్పును అప్పని ఇంట్లో దాచక చెప్పుకొనే అలవాటు కూడా నేర్పండి. ఉన్నదున్నట్టు చెప్పుకొన్న ఇంటికే సహాయం వేళకు అందుతుంది.